చెల్లని కాగితం నడుస్తోంది, చెల్లే చట్టం నడవట్లేదు. మరి ఏది చట్టం?

జిరాక్స్ షాపాయన (ప్రశ్న)

నమస్కారమండీ. నాకు 46 ఏళ్లు. భద్రాచలంలో జిరాక్స్, డీటీపీ షాపు. పెద్దవాడు చదువుకి హైదరాబాద్ వెళ్లిపోయాక, ఇన్నాళ్ల కోరిక తీర్చుకుందామని ఖమ్మంలో ఎల్‌ఎల్‌బీలో చేరాను. ఇప్పుడు రెండో ఏడాది. క్లాసులున్న రోజు షాపు మా ఆవిడ చూసుకుంటుంది.

మొన్న జ్యూరిస్‌ప్రూడెన్స్ (చట్టమంటే ఏమిటో చెప్పే సబ్జెక్టు) క్లాసులో మా మేడమ్ కెల్సన్ గురించి చెప్పారు. ఆస్ట్రియా ఆయన, 1920లో ఆ దేశ రాజ్యాంగం రాయడంలో పెద్ద చెయ్యి. ఆయన లెక్కలో ఒక నిబంధన చెల్లుబాటు కావడం వేరు, అది జనంలో అమలు కావడం వేరు. చెల్లుబాటు పైనుంచి దిగుతుంది: ఉత్తర్వుకి బలం చట్టం నుంచి, చట్టానికి బలం రాజ్యాంగం నుంచి. అమలు సంగతి మాత్రం నేల మీద చూసుకోవాలి. పక్కనున్న పిల్లలు గబగబా రాసేసుకున్నారు. నేను పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే ఈ తేడా మీదే పాతికేళ్లుగా మా ఇల్లు గడుస్తోంది.

ఏజెన్సీ, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతం, దాని సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు మీద 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1970లో మళ్లీ ఒకటో నంబరు రెగ్యులేషన్‌తోనే దాన్ని సవరించారు. అందుకే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. సారం ఒక్క ముక్క: ఏజెన్సీలో భూమిని ఎవరు అమ్మినా సరే, కొనేవాడు గిరిజనుడే కావాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం కావాలి. లేకపోతే ఆ అమ్మకం మొదటి నుంచీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. పైగా గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే అది గిరిజనుడి దగ్గర నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాడే.

భద్రాచలం మొత్తం ఏజెన్సీయే. ఇప్పుడు నా షాపుకి రండి. వారానికి ఇద్దరో ముగ్గురో వస్తారు. "అన్నా, ఒక కాగితం కొట్టాలి" అంటారు. ఏ కాగితం అని నేను అడగను. నా కంప్యూటర్‌లో నమూనా ఉంది. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, నేటి నుంచి స్వాధీనపరచి..." అని మొదలవుతుంది. హద్దులు, గజాలు, పేర్లు మారిస్తే చాలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింటు, నలుగురు సాక్షులు, వేలిముద్రలు, ఫొటోలు. ఈమధ్య కొందరు డబ్బులు లెక్కపెడుతుంటే ఫోనులో వీడియో కూడా తీసుకుంటున్నారు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అన్నట్టు, ఎందుకూ పనికిరాదని తెలిసినకొద్దీ దాని మీద సంతకాలు పెరుగుతాయి.

ఇంకొకటి. మా ఇల్లూ అలాంటి కాగితం మీదే ఉంది. 1994లో మా నాన్న 150 గజాలు కొన్నాడు. ఇంటిపన్ను రశీదు మా పేరు మీదే, కరెంటు మీటరు మా పేరు మీదే. ఆధార్‌లో అదే అడ్రసు. ఇన్నేళ్లలో ఎవరూ వచ్చి ఖాళీ చెయ్యమనలేదు. మా వీధి వీధంతా ఇంతే.

అందుకే అడుగుతున్నా. రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు, గవర్నరు, రాష్ట్రపతి ఆమోదం, సుప్రీంకోర్టు, ఇన్ని ఉన్న చట్టాన్ని ఊరు ఊరంతా పక్కన పెట్టేస్తే అది ఇంకా చట్టమేనా? నేను కొట్టే కాగితానికి పైన ఏ ఆధారమూ లేకపోయినా ఊరంతా దాన్ని పాటిస్తున్నప్పుడు, అది ఏమవుతుంది? ఇంటర్నల్స్‌లో ఇదే ప్రశ్న వస్తుందని మేడమ్ ఇదివరకే చెప్పేశారు. కానీ మార్కుల కోసమే కాదు, నిజంగా తెలుసుకోవాలనుంది.

నల్లకోటు

అన్నా, ప్రశ్న బాగుంది గానీ నీ వీధి పేరు రాయకుండా మంచి పని చేశావు. ఇంక ఎవరడిగినా చెప్పకు.

విషయానికొస్తాను. కెల్సన్ లెక్కలో ఎవరో ఒకరు ఉల్లంఘించినంత మాత్రాన నిబంధన పోదు. అసలు ఉల్లంఘించే వీలుంటేనే అది నిబంధన. నీళ్లు పల్లానికే పారాలి అని ఎవరూ జీవో తీయరు కదా. ఎలాగూ జరిగేదాన్ని శాసించడంలో అర్థం లేదు. చట్టం చెప్పేదానికీ జనం చేసేదానికీ మధ్య కొంత ఎడం ఎప్పుడూ ఉంటుంది. వ్యవస్థ మొత్తంగా చూస్తే చాలావరకు అమలవుతోందా అన్నదే ఆయన చూసేది. మొత్తం కూలిపోతే అందులోని నిబంధనలూ పోతాయి. ఒక్క నిబంధన విషయంలో అయితే, ఎవరూ పాటించక, ఏ అధికారీ వర్తింపజేయక ఏళ్లకేళ్లు గడిస్తే అది చచ్చినట్టే అంటాడు.

మన సుప్రీంకోర్టు కూడా ఆ దారిలోకి వచ్చింది. 1995లో పుణె మునిసిపల్ కార్పొరేషన్‌కీ భారత్ ఫోర్జ్‌కీ జరిగిన కేసు చూడు. వాడకం లేక చట్టం చచ్చిపోవడమనేది మన దగ్గరా వర్తిస్తుందని చెప్పింది. అయితే రెండూ ఉండాలి. చాలాకాలం ఆ చట్టం అమల్లో లేకపోవాలి, దానికి విరుద్ధమైన ఆచారం కూడా అంతే స్థిరంగా నడుస్తూ ఉండాలి. నీ కాగితాలు రెండోది నిరూపిస్తాయేమో. మొదటిది మాత్రం నిరూపించవు, ఎందుకంటే భద్రాచలంలో ఎల్‌టీఆర్ కేసులు, అంటే ఈ భూబదలాయింపు రెగ్యులేషన్ కింది కేసులు, నడుస్తూనే ఉన్నాయి. పైగా 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1/70ని నిలబెట్టింది. 1997లో సమతా కేసులో ఇంకా ముందుకెళ్లి, ఆ రెగ్యులేషన్‌లోని "వ్యక్తి" అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది, ఏజెన్సీలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వకూడదు అంది. బొర్రా దగ్గర అనంతగిరి మండలం గొడవది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. ఇంత గట్టి తీర్పులున్నదాన్ని వాడకం లేని చట్టం అనడం కుదరదు.

నువ్వు అడగని వైపు నుంచి కూడా ఒక ఉదాహరణ చెబుతా, ఇది నా సొంత అనుభవం. నీ ఊళ్లో చెల్లే చట్టం నడవట్లేదు. నా ప్రాక్టీసులో చెల్లని చట్టం నడిచింది. ఐటీ చట్టంలో 66ఏ గుర్తుందా? ఫేస్‌బుక్‌లో ఎవరికైనా చిరాకు తెప్పించే మాట రాసినా జైలు అనే సెక్షను. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2018లో ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. వాళ్ల కాలనీ మురుగుకాలువ ఫొటో పెట్టి ఏదో వెటకారం రాశాడట. ఎఫ్‌ఐఆర్ చూస్తే 66ఏ! స్టేషనుకెళ్లి, సార్ ఈ సెక్షను పోయి మూడేళ్లయింది అన్నాను. ఆయన బీరువాలోంచి పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. "ఇదిగో, ఉందిగా!" నిజంగానే ఉంది. అడుగున చీమంత అక్షరాలతో కొట్టివేయబడింది అని ఫుట్‌నోటు. ఆయన దాకా అది రాలేదు.

నవ్వొస్తుంది గానీ ఆ కుర్రాడికి ఉద్యోగం వెరిఫికేషను ఆగిపోయింది, ఇంట్లో టెన్షన్. నా ఒక్కడి అనుభవమే అనుకున్నా. 2021లో ఇదే సంగతి సుప్రీంకోర్టుకెళ్తే జడ్జీలే దిగ్భ్రాంతి అన్నారు. అటార్నీ జనరల్ కూడా ఆ ఫుట్‌నోటు సంగతే చెప్పారు. చివరికి 2022 అక్టోబరు 12న, ఇక 66ఏ కింద ఎవరినీ విచారించకూడదు అని మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. చచ్చిన సెక్షనుకి రెండోసారి మరణధ్రువీకరణ అన్నమాట.

కాబట్టి చెల్లుబాటు తీర్పులో ఉంటుంది, నడక బీరువాలో ఉంటుంది అని రాసెయ్. పది మార్కులు గ్యారంటీ.

సరిహద్దు చరిత్ర

ఊరంతా పాటిస్తే అదే చట్టమైపోతుందా అన్నారు కదా. ఆ దారిలో ఒక దేశం ఏమైందో చెప్పి వెళ్లిపోతాను.

1958 అక్టోబరులో పాకిస్తాన్‌లో అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రాజ్యాంగాన్ని రద్దు చేసి సైనిక పాలన పెట్టాడు. దోసో అనే అతని కేసులో అక్కడి సుప్రీంకోర్టు కెల్సన్‌నే పట్టుకుంది. విప్లవం విజయవంతమైతే, అంటే జనం కొత్త ఏర్పాటుకి లోబడి నడిస్తే, ఆ విజయమే కొత్త చట్టానికి ఆధారం అంది. తీర్పు చెప్పింది అక్టోబరు 27న. ఆ రాత్రే సైన్యాధిపతి అయూబ్ ఖాన్ మీర్జాను గద్దె దింపేశాడు. నడిచిందే చట్టమైతే, మరింత గట్టిగా నడిపించేవాడు పక్క గదిలోనే ఉంటాడు మరి. 1972లో అస్మా జిలానీ కేసులో అదే కోర్టు దోసో తీర్పు తప్పని ఒప్పుకుంది, తర్వాతి సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ అధికారం దొంగిలించినవాడని కూడా అంది. అప్పటికి ఆయన గద్దె దిగిపోయాడు, అది వేరే సంగతి.

కెల్సన్ చెప్పింది, అమలు లేకపోతే చెల్లుబాటు నిలవదు అని. అమలైతే చాలు చెల్లినట్టే అని కాదు. నూనె లేకపోతే దీపం వెలగదు, అంతమాత్రాన నూనె దీపం కాదు.

మన రాజ్యాంగం ఈ విషయంలో జాగ్రత్తపడింది. దాన్ని రాసిన సభకి అధికారం 1947 నాటి బ్రిటిష్ పార్లమెంటు చట్టం నుంచి వచ్చింది. 395వ అధికరణంతో ఆ చట్టాన్నే రద్దు చేసేశారు. ఎక్కిన నిచ్చెనని పైకెక్కాక తన్నేసినట్టు. ఇప్పుడు వన్ ఆఫ్ సెవెంటీ వెనక్కి పట్టుకుపోతే ఐదో షెడ్యూలు ఐదో పేరా, ఆ వెనక రాజ్యాంగం, ఆ వెనక ఇంక లండను లేదు. మనం ఒప్పుకుని నిలబడటమే.

పాత ఆర్‌ఐ

బాబూ జిరాక్స్ షాపాయనా, నేను 1981లో రెవెన్యూలో చేరి 2016లో రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం ఏజెన్సీ మండలాల్లోనే. లాయరుగారు చెప్పింది కోర్టు లెక్క. నేను భూమి కొలిచే చైను పట్టుకుని తిరిగినవాడి లెక్క చెబుతాను.

నీ ప్రశ్నలోనే తప్పుంది. "చట్టాన్ని ఊరు పక్కన పెట్టేసింది" అన్నావు. ఎక్కడ పెట్టింది? నువ్వు కొట్టే ఆ కాగితమే చెబుతోంది కదా చట్టం పనిచేస్తోందని!

మీ నాన్నగారు 1994లో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి ఎందుకెళ్లలేదు? వెళ్తే ఆయన రిజిస్టరు చెయ్యడు. ఎందుకు చెయ్యడు? వన్ ఆఫ్ సెవెంటీ. మీ ఇంటి మీద బ్యాంకులో హౌసింగ్ లోను దొరుకుతుందా? మీ వాడి చదువుకి ఆ ఇల్లు చూపించి అప్పు తెచ్చుకోగలిగావా? ఖమ్మంలో రిజిస్ట్రేషనయ్యే ప్లాటు ధర, మీ వీధిలో ప్లాటు ధర పక్కపక్కన పెట్టి చూడు. ఆ తేడా ఉందే, అదీ చట్టం బరువు. తక్కెడలో కనపడుతుంది. నలుగురు సాక్షులు, వీడియోలు అన్నావు, రిజిస్ట్రారు ఒక్క ముద్ర వేసే చోట వాళ్లంతా ఎందుకొచ్చారు? చట్టం ఒక తలుపు మూసింది కాబట్టి మీరంతా కిటికీలోంచి దూరుతున్నారు. నిజంగా చచ్చిన చట్టమైతే కిటికీతో పనేముంది?

నా మొదటి పోస్టింగులో ఒక పెద్దాయన ఉండేవాడు, పేరు అనవసరం. ఇరవై ఎకరాల మాగాణి. పహాణీలో, అంటే భూమి రికార్డులో, పట్టాదారు చూస్తే ఒక కోయ ఆవిడ. ఆవిడ వాళ్లింట్లో పనిమనిషి. పేరు ఆవిడది, పంట ఆయనది. ఇంకొకచోట పాలేరు పేరు మీద. ఒకసారి ఆ పాలేరు కొడుకు పెద్దవాడై, టెన్త్ చదివి, "కాగితంలో మా నాన్న పేరుంది కదా, భూమి మాదే" అన్నాడు. పెద్దాయనకి నోట మాట లేదు. కోర్టుకెళ్లి బినామీ అని చెప్పుకోలేడు కదా. మూడెకరాలు నిజంగానే పోయింది. నడవదనుకున్న చట్టం ఆ రోజు లేచి నడిచింది. నేను పంచనామాలో సంతకం పెట్టాను, అందుకే అంత గట్టిగా చెబుతున్నా.

ఈ భూముల కేసులు చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు ఒకటుంది కదా మీ ఊళ్లోనే. అక్కడ ఎవరో దరఖాస్తు పెట్టాలని కూడా లేదు, ఆయనే తనంతట కేసు తీసుకోవచ్చు. అయితే డిక్రీ రావడం ఒకటి, భూమి చేతికి రావడం ఇంకొకటి. ఇది నేను సిగ్గుపడుతూ చెప్పే మాట. మేం వెళ్లి పంచనామా రాసి, ఫలానా గిరిజనుడికి స్వాధీనపరిచాము అని ఫైల్లో పెట్టేవాళ్లం. మేం జీపెక్కేలోపు పాతాయన అరక మళ్లీ దిగేది. రికార్డులో స్వాధీనం అతనిది, చేలో స్వాధీనం ఇతనిది. స్టే ఉంది, అప్పీలు ఉంది, ఏజెంటు (ఏజెన్సీలో సర్కారు తరఫున ఉండే అధికారి) దగ్గర పెండింగు, హైకోర్టులో పెండింగు. పట్నంలో ఇళ్ల సంగతైతే ఇంకా చెయ్యి పెట్టేవాళ్లం కాదు. అంత జనాన్ని ఎవరు కదుపుతారు? ఎలక్షన్లు వస్తాయి.

ఇంకో మాట, ఇది నీ పరీక్షకి కాదు, నీ ఇంటికి. 1970 సవరణ వెనక్కి వర్తించదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అంటే పాతకాలంలో గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నవి వేరే లెక్క. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరిలో ఉండేది కాబట్టి ఇక్కడ 1917 నాటి మద్రాసు చట్టం కూడా చూడాలి, ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి నుంచి బయటివాడు కొనడం అప్పుడూ చెల్లదు. మీ నాన్నగారిది 1994 కాబట్టి ఎటు చూసినా నిలవదు. నీకు తెలిసిందే అనుకో. ఇంటిపన్ను రశీదు చూపించి హక్కు అనకు. పన్ను నువ్వున్నందుకు, నీదైనందుకు కాదు.

జిరాక్స్ షాపాయన

ఆర్‌ఐ గారూ, చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. లోను సంగతి నిజం. పెద్దవాడి ఫీజుకి మా ఆవిడ గాజులు కుదువ పెట్టాను, ఇంటి కాగితం ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని మా బీదతనం అనుకున్నాను గానీ, చట్టం పనిచేయడం అనుకోలేదు ఎప్పుడూ.

ఇప్పపువ్వు

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. నేను దుమ్ముగూడెం వైపు ఆడపిల్లని, కోయ. టీచరుగా చేస్తున్నాను.

ఆర్‌ఐ సార్, మీ తక్కెడ మాట బాగుంది. కానీ ఆ తక్కెడలో ఎవరిని తూచారు? భూమి ధర తగ్గిందన్నారు, లోను రాలేదన్నారు. అవన్నీ కొన్నవాళ్ల కష్టాలు. చట్టం కొన్నవాళ్లకి కష్టం పెట్టడానికి రాలేదు కదా, మా భూమి మా దగ్గర ఉండటానికి వచ్చింది. ఉందా? ధర తగ్గితే అమ్మినవాడికి వచ్చేదీ తక్కువే. అంటే మా తాతకి ఆ చట్టం వల్ల జరిగిందేంటంటే, భూమి పోయింది, సగం ధరకి పోయింది. పనిచేస్తోందా అని అడిగేటప్పుడు ఎవరి కోసం రాశారో వాళ్ల ఇంటికొచ్చి అడగాలి. మీరు కొన్నవాళ్ల వీధిలో నిలబడి లెక్కపెట్టారు.

కోపంగా రాశాననుకోవద్దు. ఆ చట్టం తీసేయాలనే వాళ్లు మా మండలాల్లో కూడా తిరుగుతుంటారు. ఎలాగూ అమలు కావట్లేదు కదా, తీసేస్తే మీకే మంచి ధర వస్తుంది అంటారు. నేను ఒప్పుకోను. పాలేరు కొడుకు టెన్త్ చదివి లేచి అడిగాడన్నారే, ఆ కాగితంలో అక్షరం ఉండబట్టే అడిగాడు. అక్షరం కూడా లేకపోతే వాడు దేన్ని పట్టుకుంటాడు? నడవకపోయినా చెల్లుతూ ఉండటంలో మాకు అంత పని ఉంది.

చెల్లుబాటు గురించి నాకూ ఒక లెక్క ఉంది. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. నా ఉద్యోగం దాని కిందే వచ్చింది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల బెంచి ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషను కుదరదు, ఐదో షెడ్యూలు కింద గవర్నరుకి ఉన్న అధికారం కూడా ప్రాథమిక హక్కులకి లోబడే ఉండాలి అని. అప్పటికే చేరినవాళ్లని మాత్రం షరతులతో ఉండనిచ్చారు. అంటే నేను చెల్లని జీవో కింద చెల్లే ఉద్యోగం చేస్తున్నాను. మీ షాపాయనకి కాగితం లేకపోయినా ఇల్లుంది, నాకు జీవో లేకపోయినా నౌకరీ ఉంది. మేమిద్దరం ఒకే పడవలో ఉన్నామని నవ్వొచ్చింది. కానీ ఆ జీవో ఇరవై ఏళ్లు నిజంగా నడిచింది. మా బళ్లో చిన్నపిల్లలకి కోయలో చెప్పి తెలుగులోకి తీసుకొచ్చే టీచర్లు వచ్చారు. నడవనిది చెల్లుతోంది, నడిచింది చెల్లలేదు. రెండుసార్లూ మాకే ఎందుకు జరిగిందో లాయరుగారు చెప్పాలి.

షాపాయన గారూ, మిమ్మల్ని ఒకటి అడగనా? ఇన్నేళ్లు కాగితాలు కొట్టారు కదా. అమ్మినవాళ్ల పేరు ఉండేచోట సోడె, కుంజా, మడకం ఇలాంటి ఇంటిపేర్లు ఎన్నిసార్లు కొట్టారు?

నల్లకోటు

మేడమ్, మీ ప్రశ్నకి నా దగ్గర సెక్షను లేదు. 1/70 గవర్నరు సరాసరి చేసిన రెగ్యులేషను, రాష్ట్రపతి ఆమోదంతో. జీవో 3 వేరే పేరా కింద వచ్చిన నోటిఫికేషను. ఉన్న చట్టాల్ని వర్తింపజేయడానికో ఆపడానికో ఆ పేరా పనికొస్తుంది, కొత్తది రాయడానికి పనికిరాదు అంది కోర్టు. చట్టపరంగా చెప్పగలిగేది ఇంతే. మీరడిగింది ఇది కాదని తెలుసు.

పది మార్కులు గ్యారంటీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అన్నా, నా జవాబులో మేడమ్ చెప్పింది లేదు.

పాత ఆర్‌ఐ

అమ్మా, నువ్వన్నది నిజమే. ముప్పై ఐదేళ్లు గట్టు ఇవతల నిలబడే కొలిచాను.

జిరాక్స్ షాపాయన

ఇంటర్నల్స్ అయిపోయాయి. ప్రశ్న అదే వచ్చింది. కెల్సన్, పుణె కేసు, సమతా, 66ఏ అన్నీ రాశాను. ఆర్‌ఐ గారి కిటికీ కూడా రాశాను. ఇప్పపువ్వు గారు అడిగింది ఒక పేరాలో పెట్టాను: అమలును కొలిచేటప్పుడు ఎవరి మీద నిషేధం పెట్టారో వాళ్లనే కాదు, ఎవరి రక్షణకి పెట్టారో వాళ్లనీ చూడాలి అని. మేడమ్ ఆ పేరా పక్కన "ఏ రచయిత?" అని ఎర్రపెన్నుతో రాసి ప్రశ్నార్థకం పెట్టారు. ఏడు మార్కులు.

మీరడిగిన లెక్క కోసం నిన్న రాత్రి షాపు మూశాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత హార్డ్‌డిస్కు ఒకటి పాడైంది, 2011 నుంచి ఉన్నవే మిగిలాయి. ఫోల్డరు పేరు "కాగితాలు". ఇంటిపేరుతో వెతికాను. ఒక్క ఫైలూ రాలేదు. కాసేపు సంతోషపడ్డాను కూడా, నిజం చెబుతున్నా.

తర్వాత అర్థమైంది. ఫైళ్లన్నీ కొన్నవాళ్ల పేర్లతోనే సేవ్ చేసుకున్నాను. మళ్లీ వచ్చి కాపీ అడిగేది వాళ్లే కదా. అమ్మినవాళ్ల పేరు కావాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. పన్నెండు తెరిచాక పొద్దుపోయింది. మా ఆవిడ భోజనానికి రమ్మని రెండుసార్లు ఫోను చేసింది. ఆ పన్నెండులో నాలుగు.

మిగతావి ఇవాళ చూస్తాను.